పాత స్పోర్ట్స్ కారు కొనేముందు సీటు బెల్టు చివరిదాకా లాగండి

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో పాత స్పోర్ట్స్ కార్ల మీద వచ్చిన కథనం చదివాను. ఒకప్పుడు యాభై, అరవై లక్షలు పలికిన కార్లు ఇప్పుడు కొత్త ఎస్‌యూవీ ధరకే దొరుకుతున్నాయని, కుర్రాళ్లు ఎగబడి కొంటున్నారని రాశారు. నిజమే, అందులో తప్పేం లేదు. కానీ కొన్నాక ఏమవుతుందన్నది ఒక్క ముక్క కూడా లేదు. ఈ ఏడాది నాలుగు నెలలు నేను అలాంటి కారు కోసమే తిరిగాను, మా ఇంట్లోనే ఒక పిల్లాడు అలాంటి కారు కొని ఇరుక్కుపోయి ఉన్నాడు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది, కుదిరితే మొత్తం వేయండి.

ముందే చెప్తున్నాను, ఈ కార్లు వద్దనే మనిషిని కాను. 2000 ప్రాంతంలో చెన్నైలో చదువుకునేటప్పుడు ఆదివారాలు ఫ్రెండ్స్‌తో బస్సెక్కి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి పోయేవాణ్ని. ట్రాక్ మీద పరిగెత్తే కార్ల కంటే బయట పార్కింగ్‌లో ఆగి ఉండే రెండు సీట్ల కార్ల చుట్టూ ఎక్కువసేపు తిరిగేవాణ్ని. అప్పటి కోరిక ఇది. ఇప్పుడు నలభై ఐదేళ్లు వచ్చాయి, ఇంటి లోన్ తీరింది, అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మా ఆవిడే అంది, "ఇంకెన్నాళ్లు ఫోన్‌లో చూసుకుంటూ కూర్చుంటారు, ఒకటి కొనుక్కోండి" అని. కొత్తది మనవల్ల కాదు. పాతది, రెండు సీట్లది, పైకప్పు తెరుచుకునేది, పదిహేను నుంచి పద్దెనిమిది లక్షల్లోపు. ఇదీ లెక్క.

ఇక మా మేనల్లుడి సంగతి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. రెండేళ్ల కిందట 2010 మోడల్ టూ సీటర్ ఒకటి 14 లక్షలకు కొన్నాడు. పదేళ్లు దాటిన కారుకి కారు లోన్ ఎక్కడా రాలేదు, పర్సనల్ లోన్ తీసుకున్నాడు, ఐదేళ్లకు, నెలకి దాదాపు 32 వేలు కిస్తీ. ఎనిమిది నెలలు బాగానే తిరిగాడు. తర్వాత ఒకరోజు సిగ్నల్ దగ్గర గేరు పడలేదు, మీటర్‌లో గేర్‌బాక్స్ లైటు వెలిగింది. బాగు చేయడానికి నాలుగున్నర లక్షలన్నారు. లోన్ మీద ఇంకో లోన్ తీసుకునే ధైర్యం వాడికి లేదు, ఉన్నది ఉన్నట్టు అమ్ముదామంటే మూడు లక్షలకు మించి అడిగేవాడు లేడు. మొన్న వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లినప్పుడు సెల్లార్‌లో కవర్ ఎత్తి చూశాను. బ్యాటరీ చచ్చిపోయింది, కదలక కదలక టైర్లు నేలకు ఆనిన చోట చదునైపోయాయి, అద్దం మీద వేలితో రాస్తే అక్షరాలు పడేంత దుమ్ము. వాడు లిఫ్ట్ దగ్గరే నిలబడి కారు వైపు చూడకుండా "వదిలెయ్ మావయ్యా, పైకి వెళ్దాం" అన్నాడు. కిస్తీలు ఇంకా మూడేళ్లు కట్టాలి.

వాడు తెలివితక్కువవాడేం కాదండీ. వాడికి అర్థం కానిది ఒక్కటే, చాలామందికి అర్థం కానిది కూడా అదే. యాభై లక్షల కారు పదిహేను లక్షలకు వచ్చిందంటే దాని బ్రేక్ డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, గేర్‌బాక్స్ కూడా మూడో వంతు ధరకు రావు. అవి ఇప్పటికీ యాభై లక్షల కారు సామాన్లే, చాలావరకు విదేశం నుంచి రావాలి, రావడానికి నెలలు పట్టొచ్చు. పైగా కారుకు పన్నెండు, పదిహేనేళ్లు వచ్చాయంటే రబ్బరు, ప్లాస్టిక్ అనేవి తిరిగినా తిరగకపోయినా పాడవుతాయి. కూలెంట్ పైపులు, ఇంజన్ మౌంట్లు, బుష్‌లు, పైకప్పు సీళ్లు అన్నీ దాదాపు ఒకే వయసువి, అందుకే ఒకదాని వెనక ఒకటి వరస కడతాయి. నాకు మా మేస్త్రి చెప్పిన లెక్క ఇది: కారు కొన్న ధరలో పాతిక శాతం డబ్బు బ్యాంకులో విడిగా ఉంటేనే బేరానికి వెళ్లండి, అది మొదటి ఏడాదిలోనే ఖర్చయిపోతుందనుకుని వెళ్లండి. నాకు సబబుగానే అనిపించింది. అంటే పద్దెనిమిది లక్షలున్న మనిషి పద్నాలుగు లక్షల కారు చూడాలి.

మేస్త్రి అంటే ఇక్కడ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఇంజన్ పని చేస్తున్నాయన. నాకు మా నాన్నగారి అంబాసిడర్ రోజుల నుంచీ తెలుసు. హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర నాకు బాగా నచ్చిన కారు ఉందని ఫోటోలు చూపిస్తే, "చూడకుండా టోకెన్ ఇవ్వకండి బాబూ, నేనొస్తా" అని బయల్దేరాడు. ఆ కారు కంపెనీ పేరు, డీలర్ పేరు ఇక్కడ రాయను. కంపెనీ చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు.

2011 మోడల్, పెట్రోల్, ఢిల్లీ రిజిస్ట్రేషన్. 38 వేల కిలోమీటర్లు తిరిగిందన్నారు. ధర పదిహేడున్నర. "సింగిల్ హ్యాండ్ సార్, డాక్టర్ గారి బండి, వారానికోసారి తీసేవారు." పాత కార్లమ్మేవాళ్లు ఈ డాక్టర్ గారి మాట చెప్పకుండా ఉండరనుకుంటా. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. స్టార్ట్ చేస్తే ఆ శబ్దానికి నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి, దాచడం ఎందుకు. ఓఆర్‌ఆర్ సర్వీస్ రోడ్డు మీద పది నిమిషాలు నడిపాను. స్టీరింగ్‌లో రోడ్డు చేతికి తెలుస్తుంది, అరవైలో వెళ్తున్నా వేగంగా ఉన్నట్టుంటుంది. ఇప్పుడొచ్చే కార్లలో ఎంత పవర్ ఉన్నా ఆ అనుభవం లేదు. తిరిగొచ్చేసరికి నేను కొనేసినట్టే. డీలర్‌కీ ఆ సంగతి తెలిసిపోయింది, "సాయంత్రం బెంగళూరు పార్టీ వస్తున్నారు సార్, లక్ష టోకెన్ ఇస్తే ఆపుతా" అన్నాడు.

మేస్త్రి అప్పటిదాకా ఇంజన్ వైపు వెళ్లనే లేదు. డ్రైవర్ సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని సీటు బెల్టు లాగడం మొదలుపెట్టాడు. మనం పెట్టుకునేటప్పుడు లాగినంత కాదు, ఇంక రానంత వరకు, మొత్తం. చివరి మూరెడు బయటికి వచ్చాక నన్ను పిలిచి సెల్‌ఫోన్ లైటు వేయమన్నాడు. నల్లటి బెల్టు మీద అడ్డంగా ఒక గోధుమ రంగు గీత. దాని కింద భాగమంతా గరుకుగా, గోటితో గీకితే పొడి రాలింది. ఆయన ఆ పొడి వాసన చూసి, వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు.

ఆ వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు కింద ఇంట్లో బీరువా, మంచాలు, అబ్బాయి పుస్తకాలు, గేటు ముందున్న మా మారుతి కారు అన్నీ మునిగాయి. నీళ్లు తీశాక నెల రోజులు ఇల్లు కడిగినా ఆ బురద వాసన అలమరల్లోంచి వస్తూనే ఉండేది. పదిహేడున్నర లక్షల మెరిసే కారులో మళ్లీ అదే వాసన.

డీలర్ ఒప్పుకోలేదు. "టాప్ ఓపెన్ బండి కదా సార్, వానొచ్చి ఉంటుంది" అన్నాడు. ఇక్కడ మేస్త్రి చెప్పిన మాట మీ పాఠకులందరికీ పనికొస్తుంది. పైకప్పు తెరిచే కార్లలో వాన నీళ్లు పోవడానికి సన్నని గొట్టాలుంటాయి, వాటిలో ఆకులు, దుమ్ము అడ్డంపడితే నీళ్లు లోపలికి దిగి కార్పెట్ తడుస్తుంది, అది మామూలే, గొట్టాలు శుభ్రం చేసుకుంటే చాలు. కానీ వాన నీళ్లలో ఒండ్రు ఉండదు. బెల్టు చుట్టుకునే డబ్బా లోపల బురద చారిక పడిందంటే నీళ్లు కింది నుంచి అంత ఎత్తుకు లేచాయనే. కార్పెట్ మారుస్తారు, సీట్లకు కొత్త తోలు వేస్తారు, ఇంజన్ కడుగుతారు, బెల్టు చివరిదాకా లాగి కడిగేవాళ్లు తక్కువ. తర్వాత ఆయన సీటు పట్టాల బోల్టులు చూపించాడు, తుప్పు. డిక్కీలో అడుగు పలక ఎత్తితే వైర్ల కనెక్టర్ల మీద పచ్చటి మరక. కారు కంప్యూటర్‌కి స్కానర్ పెడితే ఫాల్ట్ కోడ్ (లోపం ఉంటే పడే గుర్తు) ఒక్కటీ లేదు, కానీ కారు తనను తాను పరీక్షించుకునే చెకింగ్‌లు ఇంకా పూర్తికాలేదని చూపించింది. అంటే కోడ్‌లు ఈమధ్యే ఎవరో చెరిపేశారు, లేదంటే బ్యాటరీ తీసి పెట్టారు.

నీళ్లలో మునిగిన కారు ఆరితే బాగవుతుందనుకుంటారు చాలామంది. వైరింగ్ లోపల పట్టిన తుప్పు ఏడాది, రెండేళ్ల తర్వాత బయటపడుతుంది. ఎయిర్‌బ్యాగ్‌ని నడిపే పెట్టె చాలా కార్లలో రెండు సీట్ల మధ్య నేలకు దగ్గరగా ఉంటుంది. స్పోర్ట్స్ కారు అసలే నేలకు ఆనుకుని ఉంటుంది కాబట్టి మోకాలి లోతు నీళ్లు చాలు అది మునగడానికి. అలాంటి కారులో ఓఆర్‌ఆర్ మీద 120లో వెళ్లే కుర్రాడికి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన క్షణంలో తెరుచుకోకపోతే ఏమిటి పరిస్థితి? డబ్బు పోవడం సరే, అది మళ్లీ సంపాదించుకోవచ్చు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టనిది దీని గురించే. ఆ బెంగళూరు పార్టీ నిజంగా ఉంటే, ఎవరో ఒక తల్లి కన్న పిల్లాడేగా.

ఆ కారు వదిలేశాం. వదిలేయడం తేలికేం కాలేదు, విజయవాడ వచ్చేదాకా నేను కారులో మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. కొనాలనుకున్న మోడల్‌కి ఏ జబ్బు ఉందో కారు చూడకముందే తెలుసుకోవాలి, ప్రతిదానికీ ఒకటి ఉంటుంది. పోర్షే బాక్‌స్టర్ తీసుకోండి. 1997 నుంచి 2008 వరకు వచ్చిన మోడళ్ల ఇంజన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుంటుంది, దాని బేరింగ్ విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది. అన్నిటికీ పోదు, చాలా కార్లు లక్షల కిలోమీటర్లు తిరిగాయి. కానీ అమెరికాలో దీని మీద కోర్టుకు వెళ్లి 2013లో పరిహారం ఒప్పందం దాకా వచ్చింది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్ట్ లేదు. ఆ ఒక్క సంగతి తెలిసినవాడు 2008కీ 2009కీ తేడా ఏమిటో తెలిసి బేరమాడతాడు, తెలియనివాడు రంగు చూసి కొంటాడు. 2005కి ముందు వచ్చిన కార్లలో ఆ బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అందుకని క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ మార్చేస్తారు. "క్లచ్ ఎప్పుడు మార్చారు, అప్పుడు ఇంకేం చేశారు, బిల్లు చూపించండి" అని అడిగితే అవతలివాళ్లు ఎలాంటివాళ్లో అక్కడే తెలిసిపోతుంది.

ఇంజన్ చల్లగా ఉండగా చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, రేపు పొద్దున్నే వస్తామని చెప్పండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైందని. ఈ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాట్లు కొత్తవాటిలా ఉంటాయి, లోపల రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. 38 వేలు తిరిగిందన్న కారుకి బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే మీటర్‌ని నమ్మొద్దు. ర్యాంప్ మీదికి ఎక్కించి కింద చూడనివ్వని కారు అసలు చూడొద్దు.

కాగితాల దగ్గర కూడా కారు కొత్తప్పటి ధరే మన వెంటపడుతుంది. ఢిల్లీ కార్లు ఎందుకు చవకయ్యాయి? 2014, 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలు, 2018లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించడం వల్ల పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడ తిరగడానికి కుదరకుండా పోయింది, 2025లో సుప్రీంకోర్టు కొంత సడలించేదాకా. అందుకే గడువు దగ్గరపడ్డవి మన వైపు వచ్చాయి. మంచివీ ఉంటాయి, తప్పు పట్టను. కానీ వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, పాత రాష్ట్రం నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసును బట్టి ట్యాక్స్ శాతం తగ్గుతుంది కానీ ఆ శాతం వేసేది మనం కొన్న పదిహేను లక్షల మీద కాదు, కారు కొత్తప్పటి ధర మీద. పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు. మామూలు కారుకి 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు, దిగుమతి చేసుకున్న కారుకి 40 వేలు. 20 ఏళ్లు దాటితే 2025 నుంచి దిగుమతి కారుకి అది 80 వేలు. వీటిలో ఏదీ డీలర్ నోటి వెంట రాదు.

ఇన్సూరెన్స్ సంగతి కొద్దిగా. అమ్మిన ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకు రాదు, పాలసీ పేరు 14 రోజుల్లో మార్చుకోవాలి. ఐదేళ్లు దాటిన కారు విలువ ఎంతన్నది మనమూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకోవాల్సిందే, వాళ్లు మొదట చెప్పిన అంకెకే తల ఊపకండి. బంపర్ లాంటి ప్లాస్టిక్ సామాను పోతే మామూలు పాలసీలో సగం మన జేబులోంచే. ఇక పెట్రోల్: ఇప్పుడు మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపినదే, అది తేమను పీల్చుకుంటుంది, ఈ కార్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. నెలల తరబడి నిలబెట్టే కారైతే పైపులు మార్పించుకోవడం మేలు.

సంపాదకుల వారికి నా విన్నపం ఒకటుంది. ఆర్‌సీ వివరాలు చూసే యాప్‌లో ఆ హైదరాబాద్ కారు నంబరు కొట్టి చూస్తే ఎన్నో ఓనరు, లోన్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, అన్నీ వచ్చాయి. నీళ్లలో మునిగిందన్న సంగతి ఎక్కడా లేదు. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ... ప్రతి వరదలోనూ ఎన్నో బండ్లు మునిగాయి, అవన్నీ తుక్కుకు వెళ్లలేదు. మునిగి ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ (బాగుచేయడం దండగని పూర్తి నష్టం) కింద డబ్బిచ్చిన ప్రతి బండి నంబరు పక్కన ఆ మాట కనిపించేలా చేయమని రవాణా శాఖను అడగండి. మీలాంటి పెద్ద పత్రిక అడిగితే వింటారు. కొనేవాడికి ఇష్టముంటే తెలిసే కొంటాడు, ధర కూడా దాన్ని బట్టే ఇస్తాడు. మా వీధిలో మునిగిన మా మారుతిని కూడా ఇన్సూరెన్స్ వాళ్లు తీసుకెళ్లారు. అది ఇప్పుడు ఎక్కడ తిరుగుతోందో, ఏ ఇంటివాళ్లు పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నారో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

మా మేనల్లుడి కారుకి మేస్త్రి ఒక దారి చూశాడు. కోయంబత్తూరులో గేర్‌బాక్స్ మొత్తం మార్చకుండా లోపల పాడైన భాగం వరకే బాగుచేసే వర్క్‌షాప్ ఉందట, ఖర్చు లక్షన్నర లోపు అవ్వొచ్చన్నారు. వాణ్ని ఒప్పించాను, సగం నేను పెడతానన్నాను.

అదే ఊళ్లో నాకూ ఒక కారు తగిలింది. 2012 మోడల్, మాన్యువల్ గేరు, ఒకాయన పన్నెండేళ్లుగా వాడుతున్నారు. మార్చిన ప్రతి సామాను బిల్లూ ఫోటో తీసి పంపారు, రెండుసార్లు వెనక బంపర్ గీసుకుందని ఆయనే చెప్పారు. వచ్చే నెల మొదటి వారంలో నేనూ, మేస్త్రీ, మేనల్లుడూ ముగ్గురం వెళ్తున్నాం. మేమొచ్చేముందు ఇంజన్ స్టార్ట్ చేయొద్దని నా చెన్నై తమిళంలో అడిగితే, మీరొచ్చేదాకా తాళం ముట్టుకోనని మాటిచ్చారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
సింగ్‌నగర్, విజయవాడ